రాత్రి ఏడున్నరకు ఆ కరెంటు ఎక్కడిది?

(విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఎండలో ఇంత దూరం వచ్చి కూర్చున్న పిల్లలకు కృతజ్ఞతలు.

నేను సర్వర్ల మనిషిని కాదు, గ్రిడ్ మనిషిని. గ్రిడ్ అంటే కరెంటు తయారయ్యే చోట్లనూ వాడే చోట్లనూ కలిపే లైన్ల వల. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం లోడ్ డిస్పాచ్ సెంటర్లో షిఫ్టులతోనే గడిచింది. లోడ్ డిస్పాచ్ అంటే ఏమిటో ఇక్కడ ఎలక్ట్రికల్ వాళ్లకు తెలుసు. మిగతావాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. కావడి మోసే మనిషిని చూశారా? రెండు కుండలూ ఒకే బరువులో ఉండాలి. ఒక కుండలో నీళ్లు తగ్గితే బద్ద ఒరిగిపోతుంది. గ్రిడ్ కూడా అంతే. ఒక పక్క ఉత్పత్తి, ఇంకో పక్క వాడకం. రెండూ ప్రతి క్షణం సమానంగా ఉండాలి. ఉన్నాయో లేదో చెప్పేది ఫ్రీక్వెన్సీ. అది 50 హెర్ట్జ్ దగ్గర నిలబడితే ఊపిరి పీల్చుకుంటాం, 49.7కి జారితే షిఫ్టులో ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. 2012 జూలై చివర్లో ఉత్తర భారతంలో వరుసగా రెండు రోజులు గ్రిడ్ కుప్పకూలింది. రెండో రోజు దేశంలో దాదాపు సగం మంది చీకట్లో ఉన్నారు. అప్పటికి మన దక్షిణ గ్రిడ్ వాళ్లతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవలేదు కాబట్టి మనకు దెబ్బ తగల్లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో కలిశాం. ఇప్పుడు దేశమంతా ఒకటే కావడి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ్టి నా మాటంతా ఆ కావడి గురించే. ఆ కావడి మీదికి ఇప్పుడు కొత్త బరువు వస్తోంది.

2025 అక్టోబర్ 14న ప్రకటన వచ్చింది. గూగుల్ మన విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్, అంటే వేల సర్వర్లు పగలూ రాత్రీ నడిచే భవనాలు, కడుతుందని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, అంటే సుమారు లక్షా ముప్పై వేల కోట్ల రూపాయలు పెడుతుందని చెప్పారు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు మీరు పేపర్లో చదివే ఉంటారు. మీలో కొందరిది ఆనందపురం వైపు అనుకుంటాను. చుట్టాల్లోనో పక్కింట్లోనో ఈ మాట నడుస్తూనే ఉంటుంది. సంతోషించేవాళ్లు ఉన్నారు, భూమి గురించి దిగులుపడేవాళ్లు ఉన్నారు. రెండూ న్యాయమైనవే. ఇవాళ నేను మాట్లాడేది మూడో విషయం. ఆ భవనాల్లోకి వచ్చే కరెంటు గురించి.

గిగావాట్ అంటే ఎంత? వెయ్యి మెగావాట్లు. ఇక్కడికి దగ్గర్లో పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. సముద్రపు నీటితో చల్లబరిచే ఆ పెద్ద కూలింగ్ టవర్లు హైవే మీద నుంచే కనబడతాయి. అక్కడ 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. ఒక గిగావాట్ డేటా సెంటర్ పూర్తి లోడుతో నడిస్తే సింహాద్రిలో సగం దానికే సరిపోతుంది. అదీ పగలూ రాత్రీ, ఆదివారం, సంక్రాంతి, దసరా అనే తేడా లేకుండా. మన ఇళ్లలో రాత్రి పదకొండు తర్వాత లైట్లు ఆరిపోతాయి, ఫ్యాక్టరీలో షిఫ్టు అయిపోతుంది, పొలంలో మోటారు ఆగుతుంది. సర్వరు మాత్రం ఆగదు.

లెక్క వేద్దాం, కాగితం తీయండి. వెయ్యి మెగావాట్లు ఇరవై నాలుగు గంటలు నడిస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. మన రాష్ట్రం మొత్తం రోజుకు వాడేది 20 కోట్ల యూనిట్లకు కాస్త పైమాట. అంటే రాష్ట్రం వాడకంలో పదో వంతుకు దగ్గరగా ఒకే వినియోగదారుడు.

ఈ కరెంటంతా బొగ్గుతో ఇస్తే ఏమవుతుంది? యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు అనుకోండి. రోజుకు దాదాపు 17 వేల టన్నులు. ఒక గూడ్సు రైలు 4 వేల టన్నులు మోస్తుంది. అంటే ఒడిశాలోని తాల్చేరు గనుల వైపు నుంచి రోజూ నాలుగు రైళ్ల బొగ్గు ఈ ఒక్క అవసరానికే రావాలి. దాని నుంచి ఏడాదికి 80 లక్షల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇది నేను చేతి లెక్కగా వేసింది, మీరు ఇంటికి వెళ్లి మళ్లీ వేసి చూడండి. పది శాతం అటూ ఇటూ అవుతుంది గానీ సంగతి మారదు.

ప్రపంచం సంగతి చూస్తే, అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 ఏప్రిల్‌లో ఒక నివేదిక ఇచ్చింది. 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. ప్రపంచ వాడకంలో ఒకటిన్నర శాతం. 2030 నాటికి అది 945 టెరావాట్ అవర్లు కావచ్చని వాళ్ల అంచనా. జపాన్ దేశం మొత్తం ఇవాళ వాడే కరెంటు కంటే కాస్త ఎక్కువే. ఒకటిన్నర శాతమే కదా అని కొందరు అంటారు. కానీ డేటా సెంటర్లు ప్రపంచమంతా సమానంగా పరుచుకుని ఉండవు, ఒకచోట గుంపుగా వస్తాయి. ఐర్లాండ్‌ను చూడండి. 2015లో అక్కడి కరెంటులో 5 శాతం డేటా సెంటర్లకు వెళ్లేది. 2023కి అది 21 శాతం అయింది. ఆ దేశంలోని పట్టణాల్లో ఉన్న ఇళ్లన్నీ కలిసి వాడినదాని కంటే అది ఎక్కువ. చివరికి డబ్లిన్ చుట్టుపక్కల కొత్త డేటా సెంటర్లకు కనెక్షన్ ఇవ్వలేమని గ్రిడ్ నడిపేవాళ్లు చేతులెత్తేశారు. విశాఖకు ఆ పరిస్థితి రాకూడదని నా కోరిక. రాకుండా చూసుకునే టైమ్ ఇంకా మన చేతిలో ఉంది.

ఇక కంపెనీలు ఏమంటున్నాయి? "మేం వంద శాతం గ్రీన్ కరెంటు వాడతాం" అంటాయి. ఈ మాటను జాగ్రత్తగా విప్పి చూడాలి.

మీ ఇంట్లో గేదె ఉందనుకోండి. పొద్దున్నే పాల కేంద్రంలో పది లీటర్లు పోశారు. రాత్రి ఇంట్లో పెళ్లివారు దిగారు, కేంద్రానికి వెళ్లి పది లీటర్లు తెచ్చుకున్నారు. పాల కేంద్రం పుస్తకంలో జమ పది, ఖర్చు పది. లెక్క సరిపోయింది. కానీ రాత్రి మీ గ్లాసులో ఉన్నవి మీ గేదె పాలు కావు. ఇంకెవరో ఆ సాయంత్రం పితికిన పాలు. ఆ సాయంత్రం ఎవరూ పితక్కపోతే మీ పుస్తకంలో జమ ఎంత ఉన్నా గ్లాసు ఖాళీనే.

వంద శాతం గ్రీన్ అనే మాటలో ఎక్కువ భాగం ఇలాంటి పుస్తకం లెక్కే. ఏడాదిలో నేను ఇన్ని యూనిట్లు వాడాను, ఎక్కడో ఒకచోట అన్ని యూనిట్ల సోలార్ కొన్నాను, చెల్లుకు చెల్లు అంటారు. మధ్యాహ్నం పన్నెండుకు అనంతపురంలో పుట్టిన సోలార్ యూనిట్‌ను రాత్రి పదికి విశాఖలో వాడిన యూనిట్‌తో చెల్లేస్తారు. రాత్రి పదికి వచ్చిన ఆ కరెంటు నిజానికి ఎక్కడిది? చాలా భాగం బొగ్గుది. మన దేశంలో 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదే అయింది. ప్యారిస్ ఒప్పందంలో 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని ఐదేళ్లు ముందే అందుకున్నాం. అది నిజంగా గర్వపడాల్సిన విషయం. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. తయారయ్యే యూనిట్లలో సుమారు ముప్పావు వంతు ఇప్పటికీ బొగ్గువే. సూర్యుడు దిగిపోయాక ఆ వాటా ఇంకా పెరుగుతుంది.

దీన్ని నేను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. గూగుల్ 2017 నుంచి ఏటా తను వాడినంత పునరుత్పాదక విద్యుత్తును కొంటోంది. పుస్తకం లెక్కలో వంద శాతం. కానీ అదే కంపెనీ ఇంకో లెక్క కూడా బయటపెడుతుంది. ప్రతి గంటకూ, ప్రతి గ్రిడ్‌లోనూ, ఆ గంటకు అక్కడ దొరికిన కార్బన్ రహిత విద్యుత్తు ఎంత అని. ఆ లెక్కలో 2024లో వచ్చింది 66 శాతం. వందకూ అరవై ఆరుకూ మధ్య ఉన్న ఆ తేడా ఉందే, బొగ్గూ గ్యాసూ ఉన్నది అక్కడే. ఆ అంకెను దాచకుండా ప్రచురించినందుకు నేను వాళ్లను గౌరవిస్తాను. 2030కల్లా ప్రతి గంటా వంద శాతం చేస్తామని 2020లోనే వాళ్లు లక్ష్యం పెట్టుకున్నారు. తర్వాత ఏఐ వచ్చింది. 2024లో విడుదల చేసిన నివేదికలో, 2019తో పోలిస్తే తమ ఉద్గారాలు 48 శాతం పెరిగాయని వాళ్లే చెప్పుకున్నారు. 2030కల్లా గాలిలోంచి కార్బన్‌ను తిరిగి లాగేస్తామన్న మైక్రోసాఫ్ట్‌కు కూడా 2020తో పోలిస్తే 29 శాతం పెరిగాయి. అందులో పెద్ద వాటా డేటా సెంటర్లు కట్టడానికి వాడిన సిమెంటు, ఉక్కు, చిప్పులది. అంటే లక్ష్యం ఉన్నవాళ్ల పరిస్థితే ఇలా ఉంది. లక్ష్యం లేనివాళ్ల సంగతి ఆలోచించండి.

అందుకే నేను ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్న అడుగుతాను. రాత్రి ఏడున్నరకు ఆ కరెంటు ఎక్కడిది?

ఏడున్నరే ఎందుకంటే, షిఫ్టులో ఉన్నప్పుడు మాకు నిజమైన పరీక్ష ఆ సమయమే. మధ్యాహ్నం సోలార్ ఎక్కువై థర్మల్ యూనిట్లను తగ్గించమని చెబుతాం. దాన్ని బ్యాకింగ్ డౌన్ అంటాం. సాయంత్రం ఐదు దాటాక సోలార్ కిందికి జారుతుంది. అదే సమయంలో ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు మొదలవుతాయి. రెండు గంటల్లో కావడి ఒక పక్క ఖాళీ అవుతుంది, ఇంకో పక్క నిండుతుంది. జలవిద్యుత్తును రంగంలోకి దింపుతాం, థర్మల్‌ను పూర్తిగా లేపుతాం, ఇంకా చాలకపోతే కరెంటు అమ్మకాలు, కొనుగోళ్లు జరిగే ఎక్స్ఛేంజ్‌లో కొంటాం. మధ్యాహ్నం చవగ్గా దొరికిన యూనిట్ సాయంత్రం గరిష్ఠ పరిమితి పది రూపాయలను తాకిన రోజులు ఉన్నాయి. ఆ పది రూపాయలు చివరికి చేరేది మన బిల్లుల్లోకే.

ఇప్పుడు ఆ ఏడున్నర మీద ఇంకో వెయ్యి మెగావాట్లు ఎక్కించి చూడండి.

సరే, మార్గం లేదా? ఉంది. ఇంత పని చేయగల చోట్లు దేశంలో కొన్నే ఉన్నాయి, వాటిలో మన రాష్ట్రం ఒకటి. ఈ మాట నేను అభిమానంతో అనడం లేదు, మళ్లీ లెక్కతోనే చూపిస్తాను.

పూర్తిగా సోలార్‌తో ఒక గిగావాట్ డేటా సెంటర్‌ను ఇరవై నాలుగు గంటలూ నడపాలనుకుందాం. ఎండ గట్టిగా ఉండేది ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటలు నేరుగా ఇస్తాం. మిగిలిన పదహారు గంటలకు కోటీ అరవై లక్షల యూనిట్లు నిల్వ చేయాలి. కరెంటును డబ్బాలో పోసి దాచలేం. ఒకటి, బ్యాటరీ. రెండు, నీళ్లు. పగలు మిగులు కరెంటుతో నీళ్లను పై చెరువులోకి ఎత్తుతాం. రాత్రి అవే నీళ్లను కిందికి వదిలి టర్బైన్ తిప్పుతాం. పంప్డ్ స్టోరేజ్. ఇది మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టులో తిరగేసి తిప్పగల యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి.

కర్నూలు వైపు, ఇప్పటి నంద్యాల జిల్లాలో, పిన్నాపురం పథకం ఉంది. 1,680 మెగావాట్లు, ఆరు గంటల నిల్వ. అంటే సుమారు కోటి యూనిట్లు. మనకు కావాల్సింది కోటీ అరవై లక్షలు. అంటే పిన్నాపురాలు ఒకటిన్నర కంటే కాస్త ఎక్కువ. ఎత్తి దింపడంలో ఐదో వంతు పోతుంది, అది కూడా కలుపుకుంటే పగలు మొత్తం 2 కోట్ల 80 లక్షల యూనిట్లు తయారు కావాలి. ఒక మెగావాట్ సోలార్ మంచి ఎండ రోజున ఆరు వేల యూనిట్లు ఇస్తుందనుకుంటే, 4,700 మెగావాట్ల ప్యానెళ్లు కావాలి. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. అంటే అలాంటివి ఐదు. దగ్గర దగ్గర 28 వేల ఎకరాలు.

అంకె పెద్దదే. అందుకే సోలార్ ఒక్కదాని మీద పడకూడదు. ఇక్కడ ప్రకృతి మనకు ఒక సాయం చేసింది. రాయలసీమ గాలి. అనంతపురం, కడప, కర్నూలు కొండల మీద నైరుతి రుతుపవనాలప్పుడు, మే నుంచి సెప్టెంబర్ దాకా, గాలి గట్టిగా వీస్తుంది. సాయంత్రం, రాత్రి ఇంకా బాగా వీస్తుంది. మబ్బులు పట్టి సోలార్ తగ్గే నెలల్లోనే గాలి పెరుగుతుంది. సోలార్, గాలి, నిల్వ మూడూ ఒకే జిల్లాలో పక్కపక్కనే ఉంటే ఎకరాలూ తగ్గుతాయి, నిల్వ అవసరమూ తగ్గుతుంది. పిన్నాపురాన్ని మొదట తలపెట్టిందే అలా. 2022లో శంకుస్థాపన చేసినప్పుడు 3 వేల మెగావాట్ల సోలార్, 550 మెగావాట్ల గాలి, 1,680 మెగావాట్ల నీటి నిల్వ కలిపి 5,230 మెగావాట్ల పథకంగా ప్రకటించారు. 2024 అక్టోబర్‌లో వచ్చిన రాష్ట్ర స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యాలు కాగితం మీద ఉంటాయి. అందులో కొంత నిజంగా కట్టించే కొనుగోలుదారుడు ఇప్పుడు మన గుమ్మంలో నిలబడ్డాడు. ఇదీ నేను మీకు చెప్పాలని వచ్చిన మాట. ఈ డేటా సెంటర్ మనకు బొగ్గు అప్పు కావచ్చు, లేదా ఇన్నాళ్లూ డబ్బు లేక ఆగిన నిల్వను కట్టించే కారణమూ కావచ్చు. ఏది అవుతుందనేది ఒప్పందంలో రాసే నాలుగు వాక్యాల మీద ఉంది.

ఏమిటా వాక్యాలు? లెక్క ఏడాదికి కాదు, గంటకు అని రాయాలి. కొనే కరెంటు ఇప్పటికే ఉన్న ప్లాంటు నుంచి కాకుండా కొత్తగా కట్టినదై ఉండాలి. ఉన్నదాన్నే వాళ్లు కొనుక్కుపోతే మనకు మిగిలేది బొగ్గే. అది మన గ్రిడ్‌లోనే, మన లైన్లు మోయగలిగిన చోటే ఉండాలి. నిల్వకూ, లైన్లకూ అయ్యే ఖర్చు వాళ్లే భరించాలి, మనకు కరెంటు పంచే డిస్కం ద్వారా ఇంటింటి బిల్లులోకి రాకూడదు. విశాఖ ప్రకటనలోనే కొత్త ట్రాన్స్‌మిషన్ లైన్లు, స్వచ్ఛ విద్యుత్తు, నిల్వ వ్యవస్థల్లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసి పెట్టుబడి పెడతామని గూగుల్, అదానీ వాళ్ల డేటా సెంటర్ల కంపెనీ అదానీకనెక్స్ అన్నాయి. ఆ మాటను పట్టుకోవాలి. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో ఇదే గూగుల్ అక్కడి విద్యుత్ సంస్థతో ఒక ప్రత్యేక టారిఫ్‌కు ఒప్పుకుంది. భూమి లోపలి వేడితో తయారయ్యే 115 మెగావాట్ల భూతాప విద్యుత్తు కోసం అయ్యే అదనపు ధర కంపెనీయే చెల్లిస్తుంది, మామూలు వినియోగదారుల మీద పడదు. అక్కడ ఒప్పుకున్నవాళ్లు ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు? మనం అడగాలి. మన విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలు పెడుతుంది. అక్కడ ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. నేను చాలా విచారణలకు వెళ్లాను. రైతు సంఘాలవాళ్లు వస్తారు, పరిశ్రమలవాళ్లు వస్తారు. విద్యార్థులను దాదాపుగా చూడలేదు. రండి.

ఇంకో దారి కూడా ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. లోడును జరపడం.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వ్యవసాయానికి కరెంటు చాలా వరకు రాత్రి వచ్చేది. అర్ధరాత్రి రైతు టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి పోవాలి. చీకట్లో పాము కాటుకు, షాక్‌కు ప్రాణాలు పోయిన కుటుంబాలను నేను చూశాను. వాళ్లకు రాత్రి కరెంటు ఎందుకిచ్చామంటే రాత్రి గ్రిడ్ ఖాళీగా ఉండేది కాబట్టి. గ్రిడ్ సౌకర్యం కోసం మనిషి నిద్ర మానుకున్నాడు. తర్వాత సోలార్ వచ్చింది, పగటిపూట మిగులు వచ్చింది, తొమ్మిది గంటల పగటి కరెంటు వచ్చింది. లక్షల మోటార్లు సూర్యుడితో పాటు లేచి సూర్యుడితో పాటు ఆగుతున్నాయి. దేశంలోనే పెద్ద లోడు మార్పుల్లో అదొకటి. మన పేద రైతు లోడు జరిపాడు. మరి ప్రపంచంలో అంత డబ్బున్న కంపెనీలు జరపలేవా?

జరపగలవు. ఒక ఏఐ మోడల్‌కు శిక్షణ ఇవ్వడం వారాల తరబడి నడిచే పని. అది సాయంత్రం ఆరు నుంచి పది వరకు నెమ్మదిస్తే ఎవరికీ నష్టం లేదు. మీరు ఫోన్లో అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం వెంటనే రావాలి. రెండూ ఒకే రకం పని కాదు. అత్యవసరం కాని పనిని గాలి, ఎండ ఎక్కువున్న గంటలకు జరిపే ఏర్పాటు గూగుల్ 2020లోనే మొదలుపెట్టింది. 2025లో అమెరికాలో రెండు విద్యుత్ సంస్థలతో, గ్రిడ్ ఇబ్బందిలో ఉన్నప్పుడు ఏఐ లోడును తగ్గిస్తామని ఒప్పందాలు కూడా చేసుకుంది. డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో ఒక అధ్యయనం చేశారు. కొత్త పెద్ద లోడులు ఏడాదిలో తాము వాడేదాంట్లో పావు శాతం తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే చాలు, అమెరికా గ్రిడ్‌లు అదనంగా 76 గిగావాట్లు మోయగలవని తేల్చారు. పావు శాతం! పీక్ గంటలు ఏడాదిలో అంత తక్కువ. షిఫ్టులో కూర్చున్న నాలాంటివాడికి ఇది చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. ఎన్ని సాయంత్రాలు ఆ కొద్ది మెగావాట్ల కోసం ఊళ్లకు ఊళ్లు ఫీడర్లు తీయించి కరెంటు కోశాం!

చల్లదనం సంగతి క్లుప్తంగా చెబుతాను. సర్వర్లను చల్లబరచడానికి కూడా కరెంటు కావాలి, లేదా నీళ్లు కావాలి. ఫిన్లాండ్‌లో హమీనా అనే ఊళ్లో గూగుల్ ఒక పాత కాగితం మిల్లును డేటా సెంటర్‌గా మార్చి సముద్రపు నీటితో చల్లబరుస్తోంది. మనకూ సముద్రం ఉంది కదా అంటారు. అక్కడి సముద్రం చల్లన. మన బంగాళాఖాతం వేసవిలో 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతి కూడా ఇక్కడ అంత బాగా పనిచేయదు. కాబట్టి చిల్లర్లకు, అంటే నీటిని చల్లబరిచే యంత్రాలకు, కరెంటు ఎక్కువ పడుతుంది. నీళ్లు ఎంత, ఎక్కడి నుంచి అన్నది ముందే చెప్పించాలి. మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ నీళ్లు తాగే ఊరు ఇది. శుద్ధి చేసిన మురుగునీరు గానీ, ఉప్పు తీసిన సముద్రపు నీరు గానీ వాడితేనే న్యాయం.

డీజిల్ గురించి కూడా ఒక మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీలో చాలామంది చిన్నపిల్లలు. ఈ ఊళ్లో స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగాయి. రాష్ట్రం నలుమూలల నుంచీ లైన్‌మన్లు వచ్చి పనిచేశారు, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తీరంలో డేటా సెంటర్ అంటే వెనక వరసగా డీజిల్ జనరేటర్లు పెడతారు. వాటిని నెలనెలా పరీక్షించడానికి తిప్పినా ఆ పొగ పక్క ఊళ్లదే. అక్కడ బ్యాటరీలు పెట్టించొచ్చు. ఆ బ్యాటరీలే మామూలు రోజుల్లో సాయంత్రం గ్రిడ్‌కు ఆసరా అవుతాయి. తుఫాన్లు బలపడుతున్నది సముద్రం వేడెక్కుతున్నందుకే. ఆ వేడిని పెంచే కరెంటుతో ఈ తీరంలోనే యంత్రాలు నడపడం నా మనసుకు ఒప్పదు.

టైమ్ అయిపోతోందని సార్ చెబుతున్నారు. రెండు మూడు ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక విద్యార్థిని: సార్, పంప్డ్ స్టోరేజ్ మంచిదన్నారు. మాది పాడేరు వైపు. మా దగ్గర వద్దని ధర్నాలు చేస్తున్నారు. మరి వాళ్లది తప్పా?)

కాదమ్మా. వాళ్లది తప్పు కాదు. నేనే ఈ విషయం ముందే చెప్పాల్సింది, నువ్వు అడిగి మంచి పని చేశావు. అల్లూరి జిల్లాలో ప్రతిపాదించిన పథకాలు రాజ్యాంగం గిరిజనులకు రక్షణ ఇచ్చిన ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది, గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం ఉంది, గ్రామసభ ఉంది. ఆ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుట్టింది మన ఏజెన్సీ భూముల మీదే. వాగు మీద కట్టే రిజర్వాయరు వేరు, నదికి దూరంగా ఒకసారి నీళ్లు నింపి అవే నీళ్లను తిప్పుకునేది వేరు. పిన్నాపురం రెండో రకం, పక్కనున్న గోరకల్లు రిజర్వాయరు నీళ్లు ఆధారంగా కట్టింది. గ్రామసభ వద్దంటే ఆ చోటు వదిలేయాలి, రాయలసీమ మెట్ట కొండలకు, బ్యాటరీలకు వెళ్లాలి. బ్యాటరీ ధరలు ఈ రెండు మూడేళ్లలో బాగా పడ్డాయి కాబట్టి ఇప్పుడు ఆ మాట ధైర్యంగా అనగలుగుతున్నాం. గిరిజనుల ఊరు ముంచి చేసిన కరెంటును నేను స్వచ్ఛమైనది అనను.

(ఒక విద్యార్థి: అణువిద్యుత్తు ఉంటే ఇరవై నాలుగు గంటలూ వస్తుంది కదా సార్?)

వస్తుంది బాబూ, నిజమే. అమెరికాలో మైక్రోసాఫ్ట్ 2024లో అదే చేసింది. పెన్సిల్వేనియాలో త్రీమైల్ ఐలాండ్‌లో 2019లో మూసేసిన 835 మెగావాట్ల యూనిట్‌ను మళ్లీ తెరిపించి ఇరవై ఏళ్లు కరెంటు కొంటామని ఒప్పందం చేసుకుంది. 1979లో ప్రమాదం జరిగిన యూనిట్ అది కాదు, దాని పక్కది. కానీ వాళ్లకు కట్టేసిన రియాక్టర్ ఉంది. మనకు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ మాట ఏళ్లుగా వింటున్నాం, ఇంకా రియాక్టర్ లేవలేదు. డేటా సెంటర్ రెండు మూడేళ్లలో కట్టేస్తారు. సోలార్, గాలి, బ్యాటరీలు కూడా ఆ వేగంతో వస్తాయి. అణు కేంద్రానికి పదేళ్లు దాటుతుంది. ఆ పదేళ్లూ రాత్రి ఏడున్నర ఆగదు.

(మరో విద్యార్థిని: మేం ఇప్పుడు ఏం చేయగలం సార్?)

మీ డిపార్ట్‌మెంట్‌లో రేపటి నుంచి ఒక పని మొదలుపెట్టండి. రాష్ట్రం లోడ్ కర్వ్, అంటే గంట గంటకూ కరెంటు వాడకం చూపే గీత, రోజూ దొరుకుతుంది. దాని మీద గంట గంటకూ సోలార్ ఎంత, గాలి ఎంత, నీళ్లు ఎంత, బొగ్గు ఎంత అని గీయండి. ఒక ఏడాది గీయండి. ఎండాకాలం, వానాకాలం, పండగలు, తుఫానులు అన్నీ అందులో వస్తాయి. తర్వాత దాని మీద ఒక అడ్డగీత పెట్టండి, వెయ్యి మెగావాట్ల డేటా సెంటర్‌ది. ఏ గంటల్లో మనకు స్వచ్ఛ విద్యుత్తు ఉంది, ఏ గంటల్లో లేదు, ఎన్ని యూనిట్ల నిల్వ కావాలి అన్నది మీ చేతులతో తేల్చండి. నేను ఇవాళ చేతి లెక్కగా చెప్పింది మీరు సరిచేయండి. నియంత్రణ మండలి విచారణ నోటీసు వచ్చినప్పుడు ఆ కాగితాలు పట్టుకుని రండి. నేను కూడా వస్తాను, మీ పక్కనే కూర్చుంటాను.